అతివాహక తీగలు - వాని పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభాప్రసంగ పాఠము)



కంసాలి వద్ద బంగారము కొనువాడు గీటురాయి మీది గీత చూడనిదే బేరమాడడు. విత్తనములు తెచ్చుకొన్న రైతు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలచినవో లెక్కించిన పిమ్మటనే నారు పోయును. పరీక్షింపనిదే దేనిని నమ్మరాదని పల్లెవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. నేటి ప్రసంగము అట్టి యొక పరీక్షను గూర్చినదే. పరీక్షకు వచ్చిన వస్తువు ఒక లోహపు తీగ. అది ప్రపంచమునందలి అతిపెద్ద కణ త్వరణ యంత్రమునకు ప్రాణము వంటిది. ఆ తీగను పండితులు ఎట్లు పరీక్షించిరి, అంత పరీక్షించియు ఎచ్చట దెబ్బ తినిరి, ఆ దెబ్బనుండి యేమి నేర్చుకొనిరి అనునవి తెలిసికొనదగిన విషయములు.

ఆ యంత్రము స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున, జెనీవా నగర సమీపమున, భూమికి సుమారు 100 మీటర్ల లోతున నున్నది. 1954వ సంవత్సరమున ఏర్పడిన సెర్న్ అను పరిశోధన సంస్థ దానిని నిర్మించినది. వలయాకారమున త్రవ్విన సొరంగము చుట్టుకొలత సుమారు 27 కిలోమీటర్లు. హైడ్రోజను పరమాణువు గర్భమున నుండు ప్రోటానులను కణములను రెండు గొట్టములలో ఎదురెదురుగ, కాంతివేగమునకు ఇంచుమించు సమానమగు వేగముతో పరుగెత్తించి ఢీకొట్టింతురు. ఆ తాకిడిలో పుట్టు కణములను పరిశీలించి, పదార్థము యొక్క మూలస్వరూపమును తెలిసికొందురు. 2012 జూలై 4వ తేదీన ప్రకటింపబడిన హిగ్స్ కణము కనబడినది ఇచ్చటనే.

అంత వేగముతో పోవు కణము తిన్నగ పోవునే గాని తనంత తాను వంపు తిరుగదు. జొన్నచేనికి కావలియున్న వాడు వడిసెల త్రిప్పునప్పుడు రాయి గుండ్రముగ తిరుగుటకు కారణము త్రాడు. రాయి వేగము హెచ్చినకొలది త్రాటిపై లాగుడు హెచ్చును; త్రాడు బలము చాలనిచో తెగి, రాయి ఎటో పోవును. త్వరణ యంత్రములో ఆ త్రాటి పని చేయునవి అయస్కాంతములు. కణముల శక్తి పెంచవలెనన్న అయస్కాంతముల బలము పెంచవలెను.

ఇనుప దిమ్మెకు రాగితీగ చుట్టి విద్యుత్తు పంపిన అయస్కాంతమగునని పాఠశాలలో చదువుకొన్న పిల్లలందరు నెరుగుదురు. కాని ఇనుము సుమారు 2 టెస్లాల క్షేత్రము వద్ద తృప్తిపొంది, ఆపై అంతగా తోడ్పడదు. అంతకు మించి కావలెనన్న తీగలో మిక్కుటమగు ప్రవాహము పంపవలెను. రాగికి కొంత విద్యుత్ నిరోధము కలదు గనుక ప్రవాహము హెచ్చినకొలది తీగ వేడెక్కును. ఎండకాలమున నీటి మోటారును విడువక నడపినచో చుట్ట కాలిపోవుట చూచినవారికి ఈ బాధ తెలియును. కావున నిరోధమే లేని తీగ ఒకటి కావలసి వచ్చినది.

అట్టి గుణము లోకమునకు మొదట తెలిసినది 1911లో. హాలెండు దేశమునందలి లైడెన్ నగరమున కామర్లింగ్ ఓనెస్ అను శాస్త్రవేత్త 1908 జూలై 10వ తేదీన హీలియము వాయువును మొట్టమొదటిసారిగ ద్రవముగ మార్చెను. ఆ ద్రవము సెంటీగ్రేడు మానమున సున్నకు 269 డిగ్రీల దిగువన మరుగును. అంత చలిలో లోహములు ఎట్లు ప్రవర్తించునో చూడగోరి ఆయన పాదరసమును పరీక్షించెను. ఆ శైత్యము వద్ద పాదరసపు నిరోధము క్రమముగ తగ్గుటకు మారుగ ఒక్కసారిగ మాయమైనది. ఈ గుణమునకే అతివాహకత యని పేరు. ఓనెసునకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. దీనికి కారణము చెప్పు సిద్ధాంతమును బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను మువ్వురు 1957లో వెలువరించిరి.

నిరోధము లేని తీగతో మహాబలము గల అయస్కాంతములు చేయవచ్చునని ఓనెస్ ఆశపడెను. కాని సీసపు తీగ చుట్టి చూడగా, కొద్దిపాటి అయస్కాంత క్షేత్రమునకే అతివాహకత నశించెను. అనగా తీగ పుట్టించు క్షేత్రమే తీగకు శత్రువైనది. ఈ చిక్కు విడుటకు అర్ధశతాబ్దము పట్టెను. నయోబియము, తగరము కలిసిన పదార్థము 8.8 టెస్లాల క్షేత్రములో సయితము చదరపు సెంటీమీటరునకు లక్ష ఆంపియర్లకు మించి మోయగలదని 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కుంజ్లర్ బృందము చూపెను. ఆ కాలముననే నయోబియము, టైటానియముల మిశ్రలోహము వెలుగులోనికి వచ్చినది. ఇది రాగి వలె సాగును, వంగును. అందుచే తీగ తీయుటకు అనుకూలము. అతివాహక అయస్కాంతములతో కట్టిన మొదటి మహాయంత్రము అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలలో 1983లో పని మొదలిడి 2011 సెప్టెంబరు 30 వరకు నడచినది. సెర్న్ యంత్రము కూడ నయోబియము-టైటానియము తీగతోనే కట్టబడినది.

ఈ తీగకు మూడు హద్దులు కలవు. ఉష్ణత ఒకటి, అయస్కాంత క్షేత్రము ఒకటి, ప్రవాహము మూడవది. మూడును కట్టుబాటులో నున్నంతవరకే అతివాహకత నిలుచును. ఏ ఒక్కటి హద్దు దాటినను అది చెదరి, తీగ మామూలు లోహమగును. మూడు హద్దులకును ఒకదానితో నొకటికి సంబంధము కలదు. క్షేత్రము హెచ్చిన మోయగల ప్రవాహము తగ్గును. చలి హెచ్చిన మరల పెరుగును. అందుచేతనే సెర్న్ వారు ద్రవ హీలియమును ఇంకను చల్లబరచి, సున్నకు 271 డిగ్రీల దిగువకు కొనిపోయిరి. ఇది నక్షత్రముల నడుమనున్న శూన్యాకాశము కన్నను చల్లనిది.

తీగ నిర్మాణము చూడదగినది. పైకి అది మిల్లీమీటరు మందము గల రాగితీగ వలె కనబడును. లోపల వేలకొలది నయోబియము-టైటానియము పోగులుండును. ఒక్కొక్క పోగు మందము మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు ఆరేడు రెట్లు మాత్రమే; తలవెంట్రుకలో ఇంచుమించు పదియవ వంతు. పోగుల చుట్టును రాగి యుండుటకు కారణము కలదు. చెరువునకు అలుగు ఎట్టిదో ఈ తీగకు రాగి అట్టిది. పోగులలో ఎచ్చటనైన అతివాహకత చెదరినచో ప్రవాహము రాగిలోనికి మళ్లును. అలుగు లేని చెరువు కట్ట తెగునట్లు, రాగి లేని తీగ కరగిపోవును.

ఇక పరీక్షల మాట. కర్మాగారము నుండి వచ్చిన చుట్టలనుండి ముక్కలు తీయుదురు. ముక్కను తూచి, నత్రికామ్లములో వేసి రాగిని కరగించి, మిగిలిన పోగులను మరల తూచుదురు. దీనిచే రాగి పాలు ఎంతయో, అతివాహకపు పాలు ఎంతయో తెలియును. పోగులు తెగియున్నచో అదియు కంటబడును. తరువాత రాగి నాణ్యమును చూతురు. మామూలు గదిలో తీగ నిరోధమెంత, అతివాహకమగుటకు ముందు చలిలో నిరోధమెంత యని కొలిచి, మొదటిదానిని రెండవదానిచే భాగించగా వచ్చు సంఖ్య ఎంత పెద్దదైన రాగి అంత మేలైనదని అర్థము.

అన్నిటికన్న ముఖ్యమైనది ప్రవాహ పరీక్ష. గాడులు గల చిన్న స్తంభమునకు తీగను చుట్టి, ద్రవ హీలియములో ముంచి, వేరొక బలమైన అయస్కాంతపు నడుమ నుంచుదురు. ప్రవాహమును మెల్లమెల్లగ పెంచుదురు. తీగ మీద రెండుచోట్ల సన్నని తీగలు తగిలించి, వాని నడుమ వోల్టేజీని కనిపెట్టుచుందురు. అతివాహకత నిలిచియున్నంత వరకు ఆ వోల్టేజీ సున్నయే. హద్దు సమీపించినకొద్ది అది మొలకెత్తును. సెంటీమీటరు పొడవునకు వోల్టులో కోటవ వంతు కనబడిన చాలును, అదియే హద్దని వ్రాసికొందురు. తీగను కాల్చి చూచుట కాదు. కాలుటకు చాల ముందే దాని గొంతులో మారిన స్వరమును పట్టుకొనుట ఈ పరీక్షలోని నేర్పు.

ఒంటి తీగ నెగ్గినంత మాత్రమున పని ముగియదు. 28 గాని 36 గాని తీగలను కలిపి పేని, రెండు ప్రక్కల నొక్కి, పట్టెడ వలె బల్లపరుపుగా చేయుదురు. ఈ పద్ధతి ఇంగ్లండులోని రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో పుట్టినది గనుక ఈ పట్టెడకు రూథర్‌ఫర్డ్ కేబులు అని పేరు. నొక్కుడులో అంచులవద్ద తీగలు నలిగి పోగులు దెబ్బతినవచ్చును. అందుచే కేబులు నుండి తీగలను విడదీసి తిరిగి పరీక్షింతురు. కేబులును కేబులుగనే వేలకొలది ఆంపియర్లు పంపి పరీక్షింతురు. ఈ పనికై సెర్న్ వారు ప్రత్యేకముగ ఒక పరీక్షాకేంద్రమును నిర్మించుకొనిరి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వారు కూడ తోడ్పడిరి. యంత్రమునకు పట్టిన కేబులు బరువు సుమారు 1,200 టన్నులు.

అటుపైన అయస్కాంతముల వంతు. కణములను వంపు త్రిప్పు అయస్కాంతములు 1,232. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నుల బరువు. పూర్తిబలమున ప్రవాహము 11,850 ఆంపియర్లు, క్షేత్రము 8.33 టెస్లాలు. అప్పుడు చుట్టలను వెలుపలికి నెట్టు బలము మీటరు పొడవునకు నూరు టన్నులకు మించును. తీగ వెంట్రుకవాసి కదలినను ఆ రాపిడికి పుట్టు వేడి అతివాహకతను చెరచుటకు చాలును. క్రొత్త అయస్కాంతము మొదటిసారి పూర్తిబలమునకు చేరక మునుపే చెదరుట కద్దు. మరల చల్లార్చి మరల పెంచగా మునుపటికన్న మీదికి పోవును. కోడెను కాడికి అలవాటు చేసినట్లుండు ఈ పనికి శాస్త్రవేత్తలు శిక్షణ యనియే పేరు పెట్టిరి.

ప్రతి అయస్కాంతమును సొరంగములోనికి దింపుటకు ముందు చలిలో పరీక్షించిరి. ఆ పరీక్షశాలలో భారతదేశపు అణుశక్తి శాఖ సంస్థల ఇంజనీర్లు, సాంకేతికులు విడతలు విడతలుగ పోయి పనిచేసిరి. క్షేత్రములోని చిన్న చిన్న దోషములను సరిదిద్దు అతివాహక అయస్కాంతములు అనేకము ఇండోరు నగరములోని రాజా రామన్న ఉన్నత సాంకేతిక కేంద్రము ద్వారా ఈ దేశమునుండియే పోయినవి. 2017లో భారతదేశము సెర్న్‌కు సహసభ్యదేశమైనది.

తీగ పరీక్షింపబడినది, కేబులు పరీక్షింపబడినది, అయస్కాంతము పరీక్షింపబడినది. 2008 సెప్టెంబరు 10వ తేదీన మొదటి కణధార సొరంగము చుట్టి వచ్చినది. లోకమంతయు హర్షించినది. తొమ్మిది దినములు గడచినవి. సొరంగము ఎనిమిది భాగములుగ నుండగా ఏడు భాగములకు పూర్తి విద్యుత్ పరీక్ష అంతకు ముందే జరిగినది. మిగిలినది ఒక్కటి. సెప్టెంబరు 19న ఆ భాగములో ప్రవాహమును పెంచుచుండగా 8,700 ఆంపియర్ల వద్ద ఒకచోట నిరోధము పుట్టెను. క్షణములలో విద్యుత్తు మంటగా చెలరేగి హీలియము గొట్టమును చీల్చెను. ద్రవము ఒక్కుమ్మడి ఆవిరియై పొంగి, టన్నులకొలది బరువుగల అయస్కాంతములను పీఠములనుండి నెట్టివైచెను. సుమారు 6 టన్నుల హీలియము పోయెను. 53 అయస్కాంతములను పైకి తీయవలసి వచ్చెను. సొరంగములో ఎవ్వరును లేనందున ప్రాణహాని జరుగలేదు. యంత్రము మరల నడచినది 2009 నవంబరులో.

దోషము తీగలో లేదు. అయస్కాంతములోను లేదు. రెండు అయస్కాంతముల నడుమ కేబులు కొసలను చేర్చి మాటు వేసిన అతుకులో నున్నది. అట్టి అతుకులు యంత్రములో పదివేలకు పైగా కలవు. అవి కర్మాగారములో వేసినవి కావు. అయస్కాంతములను సొరంగములో చేర్చిన పిదప అచ్చటనే వేసినవి. మంచి అతుకు నిరోధము ఓములో నూరు కోట్ల వంతున కన్నను తక్కువ. చెడిన అతుకు నిరోధము దానికి కొన్ని వందల రెట్లు. అయినను అది పుట్టించిన వేడి ఎంత? ఏడువేల ఆంపియర్ల వద్ద సుమారు పది వాట్లు! రాత్రివేళ వసారాలో వెలుగు చిన్న దీపమునకు పట్టు శక్తి అది. గదిలో నది లెక్కకు రాదు. సున్నకు 271 డిగ్రీల దిగువన నున్న లోహమునకు అది దావానలము. ఎంత పొడవు చెరువుకట్టకైనను గండి పడునది ఒక్కచోటనే గదా!

ఇందులో మిక్కిలి ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ప్రమాదము జరిగిన పిమ్మట పరిశోధకులు వెనుకటి కొలతలను తిరుగవేసి చూచిరి. కొన్ని దినములకు పూర్వమే, ఏడువేల ఆంపియర్ల వద్ద, ఆ చోటునకు చేరువలో హీలియము ఉష్ణత డిగ్రీలో కొన్ని వందవ వంతులు పెరిగినట్లు యంత్రములే వ్రాసియుంచినవి. పది వాట్లని లెక్క తేలినది ఆ వ్రాతవలననే. అనగా చెప్పవలసిన సంగతి చెప్పబడియే యున్నది. దానిని వెదకి చదువవలెనని అప్పటికి ఎవ్వరికి తోచలేదు. కొలిచినంత మాత్రమున, వ్రాసినంత మాత్రమున పరీక్ష పూర్తికాదు. వ్రాసినదానిని చదివి ప్రశ్నించినప్పుడే పూర్తియగును.

సెర్న్ వారు తప్పును కప్పిపుచ్చలేదు. ప్రమాదకారణమును వివరించు నివేదికలను ఆ సంవత్సరముననే అచ్చువేసి లోకమునకు వెల్లడించిరి. మిగిలిన భాగముల పాతకొలతలను అదే కంటితో చదువగా, అనుమానింపదగిన అతుకులు మరికొన్ని బయటపడినవి. ప్రతి అతుకు వద్దను మిల్లీవోల్టునకు లోబడిన మార్పును సయితము పసిగట్టి ప్రవాహమును ఆపు కావలి యంత్రములను అమర్చిరి. హీలియము పొంగినచో బయటికి పోవుటకు త్రోవలు పెంచిరి. అంతవరకు పూర్తిబలమునకు పోరాదని నిశ్చయించి, 2010 నుండి సగము శక్తితోనే నడిపిరి. ఆ సగము శక్తి కాలములోనే హిగ్స్ కణము జాడ మొదట దొరకినదని గమనింపదగును. 2013, 2014 సంవత్సరములలో యంత్రమును ఆపి, పదివేలకు పైబడిన అతుకులకు రాగిబద్దలు చేర్చి బలపరచిరి. 2015లో యంత్రము మునుపెన్నడు లేనంత శక్తితో నడచినది.

నేడు అంతకన్న బలమైన అయస్కాంతములకై నయోబియము-తగరపు తీగను వాడుచున్నారు. అది పదకొండు టెస్లాలకు మించిన క్షేత్రమును సయితము తట్టుకొనును గాని, గాజు వలె పెళుసైనది. కుమ్మరి మట్టి మెత్తగ నున్నప్పుడే కుండను మలచి ఆవములో కాల్చునట్లు, తీగను ముందు చుట్టి, పిమ్మట సుమారు 650 డిగ్రీల వేడిలో దినములతరబడి కాల్చుదురు. కాలిన తరువాత వంచరాదు. కాల్చునప్పుడు చుట్టతోబాటు కొన్ని తీగముక్కలను కూడ కొలిమిలో నుంచుదురు. వానికి సాక్షిముక్కలని పేరు. చుట్టను కోసి చూడరాదు గనుక ఆ ముక్కలను పరీక్షించి చుట్ట మంచిచెడ్డలు నిర్ణయింతురు.

ఇంత శ్రమ వలన సామాన్యునకు ఫలమేమని యెవరైన అడుగవచ్చును. నడుమునొప్పికో, తలలో గడ్డ యనుమానముతోనో పట్టణపు ఆసుపత్రికి పోయినవారిని పెద్ద గొట్టమువంటి యంత్రములో పరుండబెట్టి ఎమ్మారై తీయుట నేడు పల్లెలవారికిని తెలిసినదే. ఆ యంత్రములలో పెక్కింటి గుండె నయోబియము-టైటానియము తీగయే. త్వరణ యంత్రముల కొరకు మైళ్లకొలది తీగను తీయుట, పరీక్షించుట నేర్చిన కర్మాగారముల విద్య రోగి మంచము వరకు వచ్చినది.

గ్రంథాలయమున ఈ కథకు చోటేమన్న ప్రశ్నకు సమాధానము కథలోనే యున్నది. ఒకరు కొలిచి వ్రాసినది మరియొకరు చదువుట వలన శాస్త్రము నిలుచుచున్నది. చదువని వ్రాత యొక మహాయంత్రమును సంవత్సరముపైన ఆపివేసినది. చదివిన వ్రాత దానిని తిరిగి నిలబెట్టినది. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయపు బీరువాలలో చేరిన పుస్తకముల విలువ వాని లెక్కలో లేదు. వానిని తెరచి, చదివి, ఇది నిజమా, దీనికి పరీక్ష యేది యని అడుగు పాఠకులలో నున్నది. ఈ గ్రామపు బాలబాలికలు అట్టి పాఠకులై, తప్పును దాచక వ్రాయుటయు, వ్రాసినదానిని విడువక చదువుటయు అలవరచుకొందురు గాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొను గాక!